ఈ పాత ఇల్లు అమ్మేసి మేసన్ వెళ్ళిపోదామంటున్నారు మావారు

అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటి నుంచి ఒక పాఠకురాలు పంపిన ఉత్తరం ఇది. పేరు వెయ్యొద్దన్నారు. చాలా వివరంగా రాశారు కాబట్టి ముఖ్యమైనవి మాత్రం ఇక్కడ చెప్తాను.

ఆవిడకి ముప్ఫై ఆరేళ్ళు, సొంతూరు రాజమండ్రి. 2020లో భార్యాభర్తలు కలిసి సిన్సినాటి డౌన్‌టౌన్‌కి ఉత్తరాన ఉన్న ఓవర్-ద-రైన్ పేటలో ఒక పాత ఇటుక ఇల్లు కొన్నారు. 1870ల నాటిది. మూడంతస్తులు, వెడల్పు తక్కువ, పొడవు ఎక్కువ. ఒక బిల్డర్ లోపలంతా బాగుచేయించి అమ్మాడు. కొన్నప్పటి నుంచీ ఆవిడకి ఆ పేట మీద ప్రాణం. ఆఫీసుకి నడిచి వెళ్తారు. శనివారాలు ఫిండ్లే మార్కెట్‌లో కూరలు కొంటారు. సాయంత్రాలు నాలుగేళ్ళ పాపని వాషింగ్టన్ పార్కు ఫౌంటెన్ల దగ్గర ఆడుకోమని వదిలి బెంచీ మీద కూర్చుంటారు. "అమెరికా వచ్చాక మొదటిసారి ఒక ఊళ్ళో ఉన్నట్టు అనిపించింది" అని రాశారు.

ఆయనకి మాత్రం నగర శివార్లలో ఉన్న మేసన్ వెళ్ళిపోవాలని ఉంది. స్నేహితులంతా అక్కడే. మంచి స్కూళ్ళు, గరాజ్, లాన్, రాత్రిళ్ళు చప్పుడు లేని వీధులు. ఇక్కడ చూస్తే ఇంట్లోంచే ఉద్యోగం, వారాంతం వస్తే బార్ల గోల, పార్కింగ్ కోసం చక్కర్లు, గుమ్మంలో పెట్టిన ప్యాకెట్లు మాయం. ఎవరింట్లో పార్టీకి వెళ్ళినా "ఇంకా అక్కడే ఉన్నారా, భయం వెయ్యదా?" అన్న ప్రశ్న తప్పదు. ఆయన అక్కడ నవ్వేసి ఊరుకుంటారు. కారెక్కాక గొడవ మొదలవుతుంది. వచ్చే జూన్‌లో అత్తగారూ మామగారూ ఆరు నెలలు ఉండటానికి వస్తున్నారు. మామగారికి మోకాళ్ళ నొప్పులు, పడకగదులన్నీ పై అంతస్తుల్లో. తులసికోట పెట్టుకోవడానికి పెరడైనా లేదని అత్తగారు ఫోన్‌లో ఇప్పటికే అనేశారట.

ఇల్లు కూడా ఊరుకోవడం లేదు. వెనక గోడ ఇటుకలు పొడి పొడిగా రాలుతున్నాయి, బేస్‌మెంట్‌లో చెమ్మ. గోడకి సిమెంటు పూత వేయిద్దామని ఆయన అంటున్నారు. పోయిన చలికాలం ముందు వీధివైపు చెక్క కిటికీలు రెండు పీకించి ప్లాస్టిక్‌వి పెట్టించారు. అనుమతి లేకుండా మార్చారని నగరం నుంచి ఉత్తరం వచ్చింది. అది ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద అలాగే ఉంది.

వీటి మధ్యలో ఒక ఆదివారం నలభై అయిదేళ్ళ నల్లజాతి ఆయన ఒకరు, కొడుకుని వెంటబెట్టుకుని ఇంటి ముందు నిలబడి పైకి చూపిస్తున్నారు. ఈవిడ తలుపు తీసి పలకరిస్తే, "చిన్నప్పుడు రెండో అంతస్తులో వెనక గది మాదే. అప్పుడు ఈ ఇంట్లో నాలుగు కుటుంబాలం" అన్నారు. మర్యాదగా మాట్లాడి వెళ్ళిపోయారు. ఆయన వెళ్ళాక ఈవిడ గుమ్మం పక్క గోడ చూశారు. రంగు కింద, కాలింగ్ బెల్లులు పీకేసి పూడ్చిన గుర్తులు నాలుగు. ఇన్నేళ్ళూ రోజూ ఆ గుమ్మంలోంచి తిరుగుతూ ఎప్పుడూ చూడలేదు. ఆ తర్వాత పేట మీటింగ్‌లో ఒక పెద్దావిడ "డబ్బున్నవాళ్ళు వచ్చాకే మా అద్దెలు పెరిగాయి" అంటుంటే తననే అన్నట్టు తల దించుకున్నారట. భర్తతో చెప్తే, "మనం డబ్బు పెట్టి కొన్నాం, ఎవరి దగ్గరా లాక్కోలేదు కదా" అన్నారు.

"నాకు రెండూ నిజమే అనిపిస్తున్నాయి. అమ్మేయాలా? అద్దెకిచ్చి వెళ్ళాలా? ఉండిపోవాలనుకోవడం నా స్వార్థమా?" అని అడిగారు.

* * *

మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. ఆయన మేసన్ వెళ్దామంటే అది కుటుంబం కోసం, మీరు ఇక్కడే ఉందామంటే అది స్వార్థం. ఈ లెక్క ఎవరు కట్టారు? మీ ఉత్తరంలో ఆయన కారణాలన్నీ లాయరు నోటీసులా వరసగా ఉన్నాయి. మీ కారణాలు నాలుగు ముక్కల్లో, తప్పు ఒప్పుకుంటున్నట్టు ఉన్నాయి. నడిచి ఆఫీసుకి వెళ్ళడం, మొహం తెలిసిన మనిషి దగ్గర కూరలు కొనడం, పార్కులో కూర్చోవడం స్కూలు రేటింగ్‌లా అంకెల్లో చెప్పలేనివి కాబట్టి చిన్నవనుకున్నారేమో. మీరు రాసినదాన్ని బట్టి, రోజులో మీరు హాయిగా ఉండే గంటలన్నీ వాటిలోనే ఉన్నాయి.

అయితే మీవారి వైపు కూడా ఒకసారి చూడండి. పొద్దున మీరు బ్యాగు తగిలించుకుని బయటపడతారు. ఆఫీసుకి చేరేలోపు పది మొహాలు కనిపిస్తాయి, ఇద్దరితోనైనా మాట కలుస్తుంది. ఆయన మెట్లెక్కి మూడో అంతస్తులో లాప్‌టాప్ ముందు కూర్చుంటారు. ఆయనకి ఆ పేట అంటే శుక్రవారం రాత్రి వైన్ స్ట్రీట్ నుంచి వచ్చే అరుపులు, పార్కింగ్, పోయిన ప్యాకెట్లు. ఒకే ఇంట్లో ఉంటూ మీరిద్దరూ రెండు ఊళ్ళలో బతుకుతున్నారు. మీరు మీ ఊరి గురించి చెప్తుంటే ఆయన ఆయన ఊరి గురించి జవాబిస్తున్నారు. గొడవ తేలకపోవడంలో ఆశ్చర్యం లేదు.

నాకేమనిపిస్తోందంటే, ఆయనకి పగలు మాట్లాడే మనిషి లేడు. ఆ లోటుకి మేసన్ అని పేరు పెట్టుకున్నారు. కానీ ఇంట్లోంచి పనిచేసే మనిషికి మంగళవారం మధ్యాహ్నం మేసన్‌లో మాత్రం ఎవరు దొరుకుతారు? ఆ స్నేహితులూ ఉద్యోగాల్లోనే ఉంటారు. దొరికేవి శనివారం రాత్రులు. అవి ఇప్పుడు కూడా దొరుకుతున్నాయి, కాకపోతే అరగంట డ్రైవ్. నేను పొరబడుతూ ఉండొచ్చు. అందుకే ఆయన్నే అడగండి. పార్టీ నుంచి తిరిగొస్తూ కారులో కాదు, ఇద్దరూ కడుపునిండా తిన్న ఒక పగటిపూట. "మేసన్‌లో ఏం బాగుంటుంది?" అని కాకుండా, "నీకిక్కడ ఏ రోజు, ఏ గంట కష్టంగా ఉంటోంది?" అని. భయం అంటే, దేనికి భయమో చెప్పమనండి. ఒక సంఘటనా, ఒక వీధి మలుపా, లేక పార్టీల్లో విన్న మాటలా? ఆ పేటలో ఒక వీధికీ పక్క వీధికీ తేడా ఉంటుందని మీకు తెలుసు. ఆయన భయాన్ని కొట్టిపారేయకండి. అన్నిటికీ కలిపి ఒకే భయంగా కూడా ఒప్పుకోకండి.

ఇప్పుడు మీ గుమ్మం ముందుకొచ్చిన ఆయన సంగతి. మీకు నిద్ర పట్టనివ్వనిది అదే కదా.

మీ ఇల్లు కట్టిన రోజుల్లో ఆ వీధుల్లో వినిపించిన భాష జర్మన్. డౌన్‌టౌన్‌కీ మీ పేటకీ మధ్య, ఇప్పుడు సెంట్రల్ పార్క్‌వే ఉన్నచోట, మయామీ-ఈరీ కాలువ ఉండేది. జనం దాన్నే జర్మనీలోని నది పేరుతో రైన్ అనేవాళ్ళు. కాలువ దాటితే బీరు ఫ్యాక్టరీలు, పాటల సంఘాలు, కసరత్తు సంఘాలు, జర్మన్ పత్రికలు. 1878లో మ్యూజిక్ హాల్ అనే కచేరీ భవనం పూర్తికావడం వెనక కూడా ఆ పాటల పండగల ఊపే ఉంది. 1900 ప్రాంతంలో ఆ కాస్త చోటులో దాదాపు 45 వేల మంది ఉండేవాళ్ళు. అంతస్తుకో కుటుంబం అన్నది అప్పుడు మామూలే. మీ ముగ్గురికే మూడంతస్తులు అన్నది ఆ ఇంటికి కొత్త అనుభవం అయ్యుంటుంది.

ఆ జర్మన్లనీ ఊరు నెత్తిన పెట్టుకోలేదు. 1855 ఎన్నికలప్పుడు వలసవాళ్ళంటే పడని గుంపులు మీదికొస్తే వాళ్ళు కాలువ వంతెనల దగ్గర అడ్డుగోడలు కట్టి కాపలా కాయాల్సి వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధం వచ్చేసరికి బడుల్లో జర్మన్ చదువు తీసేశారు, 1918లో వీధుల పేర్లు మార్చేశారు. ఇప్పటి రిపబ్లిక్ స్ట్రీట్ అప్పటిదాకా బ్రెమెన్ స్ట్రీట్. వెనకే మద్యనిషేధం వచ్చి బీరు ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. చేతిలో నాలుగు డబ్బులున్న జర్మన్ కుటుంబాలు అప్పటికే చుట్టూ కొండల మీద లేచిన కొత్త పేటలకి వెళ్ళిపోతున్నాయి. గాలి బాగుంటుందని, పిల్లలకి చోటుంటుందని. మీవారి వాదన ఆ పేటకి కొత్తేం కాదు.

ఖాళీ అయిన గదుల్లోకి అపలేచియన్ కొండల నుంచి పనికోసం దిగిన తెల్లవాళ్ళు వచ్చారు. 1950ల చివర్లో పక్కనున్న వెస్ట్ ఎండ్‌ని హైవే కోసం, పరిశ్రమల కోసం పడగొట్టడం మొదలుపెట్టినప్పుడు 25 వేల మందికి పైగా ఇళ్ళు పోయాయి. దాదాపు అందరూ నల్లజాతివాళ్ళే. వాళ్ళలో చాలామంది ఓవర్-ద-రైన్ చేరారు. మీతో మాట్లాడిన ఆయన అమ్మానాన్నలో, తాతలో అలా వచ్చినవాళ్ళే అయ్యుండొచ్చు. అదే నిజమైతే ఆ కుటుంబానికి ఇల్లు వదలడం ఒకసారితో అయిపోలేదు.

తర్వాతి కథ మీకు తెలిసే ఉంటుంది. ఉద్యోగాలు పోయాయి, ఓనర్లు ఇళ్ళని పట్టించుకోవడం మానేశారు. 2000 జనాభా లెక్కల నాటికి అక్కడ మిగిలింది ఏడెనిమిది వేల మంది. వందల కొద్దీ ఇళ్ళు ఖాళీ. 2001 ఏప్రిల్‌లో పందొమ్మిదేళ్ళ తిమోతీ థామస్‌ని, చేతిలో ఆయుధం లేని కుర్రాణ్ణి, పోలీసు కాల్చి చంపాక ఊరు అట్టుడికింది. మేసన్ పార్టీల్లో మిమ్మల్ని అడిగే "భయం వెయ్యదా?" అన్న ప్రశ్న వయసు దాదాపు అంతే. 2003లో పెద్ద కంపెనీల అండతో త్రీసీడీసీ అనే అభివృద్ధి సంస్థ పుట్టింది, ఇళ్ళు కొని బాగుచేయించడం మొదలుపెట్టింది. 2012లో వాషింగ్టన్ పార్కు మళ్ళీ తెరిచారు, కింద కార్ల పార్కింగ్, పైన మీ పాప తడిసే ఫౌంటెన్లు.

ఇంత ఎందుకు చెప్పానంటే, "ఎవరి దగ్గరా లాక్కోలేదు" అన్న మాటలో నిజమెంతో ఊహించుకోనక్కర్లేదు, చూసుకోవచ్చు. హామిల్టన్ కౌంటీ ఆడిటర్ వెబ్‌సైట్‌లో మీ అడ్రసు కొడితే ఇల్లు ఏ ఏడాది ఎవరి చేతికి మారిందో కనిపిస్తుంది. సిన్సినాటి పబ్లిక్ లైబ్రరీ దగ్గర పాత సిటీ డైరెక్టరీలున్నాయి. ఏ ఇంట్లో ఎవరుండేవాళ్ళో, ఏం పని చేసేవాళ్ళో వాటిలో దొరుకుతుంది. మీ ఇల్లు బిల్డర్ కొనేనాటికి పదేళ్ళుగా పావురాలకి వదిలేసిన ఇల్లు కావచ్చు. అమ్మకానికి ఏడాది ముందు అద్దెవాళ్ళని పంపించి ఖాళీ చేసిన ఇల్లు కావచ్చు. రెండూ ఒకటి కావు. మొదటిదైతే మీవారి మాటకి బలం ఎక్కువ. రెండోదైతే మీరు చేసిన తప్పంటూ లేకపోయినా, ఇంకొకరి నష్టం మీకు లాభంగా అందిందని ఒప్పుకోవాల్సి ఉంటుంది. తెలుసుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం. తెలిశాక దాన్ని మీవారి మీద వాదనకి వాడుకోవాలనిపిస్తుంది చూశారూ, అక్కడ జాగ్రత్త.

ఒకటి మాత్రం గట్టిగా చెప్పగలను. మీరు ఇల్లు అమ్మేసి వెళ్ళినంత మాత్రాన ఆయనకి ఆ వెనక గది తిరిగి రాదు. మీకన్నా ఎక్కువ ధరకి ఇంకొకరు కొంటారు. పేటలో ఉండి చెయ్యగలిగినది వేరే ఉంది. తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళ కోసం మీ సందులోనో పక్క సందులోనో ఇళ్ళు కడతామని ప్రతిపాదన వస్తుంది. పార్కింగ్ తగ్గుతుందని, ఇంటి విలువ పడుతుందని వ్యతిరేకంగా సంతకాలు పెట్టమని కాయితం మీ గుమ్మానికి కూడా వస్తుంది. ఆ రోజు మీరు సంతకం పెడతారా లేదా అన్నది, మీటింగ్‌లో తల దించుకోవడం కన్నా ఆ పెద్దావిడకి ఎక్కువ ముఖ్యం. ఓవర్-ద-రైన్ కమ్యూనిటీ హౌసింగ్ అనే సంస్థ అందుబాటు అద్దెల ఇళ్ళు నడుపుతోంది. డబ్బో, సమయమో ఇవ్వొచ్చు. ఇందులో ఖర్చు కూడా ఉంది. పార్కింగ్ కోసం సంతకం పెట్టిన పక్కింటివాళ్ళు మీతో ముభావంగా ఉంటారు, అప్పుడప్పుడూ మీవారు కూడా.

ఆ ఆదివారం మీ గుమ్మం ముందుకొచ్చిన ఆయన మళ్ళీ వస్తే లోపలికి పిలవాలా? పిలవాలని రూలేం లేదు. పిలిస్తే మాత్రం క్షమించమని అడగడానికి పిలవకండి. పాపం, మీ మనసు తేలిక చేసే పని కూడా ఆయన నెత్తిన పెట్టినట్టవుతుంది. కొడుక్కి ఆ గది చూపించుకోనివ్వండి, వంటిల్లు ఎక్కడుండేదో అడగండి, చెప్తే వినండి. ఇష్టపడితే టీ.

ఇక ఇల్లు. మీరు ఉత్తరంలో ఆఖరున, ఒక్క వాక్యంలో రాసిన కిటికీల సంగతి నన్ను ఎక్కువ కంగారుపెట్టింది. నగరం నోటీసు వల్ల కాదు. 1978కి ముందు కట్టిన అమెరికా ఇళ్ళలో రంగుల్లో సీసం ఉండొచ్చు, ఇల్లు ఎంత పాతదైతే ఆ అవకాశం అంత ఎక్కువ. పాత చెక్క కిటికీలు పీకినప్పుడు ఆ రంగు దుమ్మై నేల మీద, కిటికీ గూళ్ళలో పడుతుంది. ఇంట్లో నాలుగేళ్ళ పిల్ల ఉంది. ఆ పనిచేసినవాళ్ళకి సీసం రంగుతో పనిచేసే సర్టిఫికెట్ ఉందో లేదో కనుక్కోండి. లేకపోయినా ఉన్నా, పిల్లల డాక్టర్‌తో చెప్పి పాపకి రక్తంలో సీసం పరీక్ష చేయించండి. చిన్న పరీక్షే. అలాగే వీధిలోంచి మీ ఇంట్లోకి వచ్చే మంచినీళ్ళ గొట్టం సీసందా కాదా అని వాటర్ వర్క్స్‌వాళ్ళని అడగండి. అంత పాత ఇళ్ళకి సీసం గొట్టాలు ఉండటం అరుదేం కాదు, వాటిని మార్చే కార్యక్రమం కూడా వాళ్ళకుంది. ఉండాలా వెళ్ళాలా అన్న చర్చ దీని తర్వాత.

వెనక గోడకి సిమెంటు పూత మాత్రం వద్దే వద్దు. మన వైపు పాత మండువా ఇళ్ళలాగే ఆ ఇళ్ళనీ సున్నంతో కట్టారు. అప్పటి ఇటుక మెత్తన. చెమ్మ పీల్చుకుంటుంది, ఇటుకల మధ్య ఉండే సున్నపు దర్జుల్లోంచి వదిలేస్తుంది. మీద గట్టి సిమెంటు వేస్తే చెమ్మకి దారి మూసుకుపోతుంది. ఒహాయో చలికి అది లోపలే గడ్డకట్టి ఇటుక మొహాన్ని పెచ్చులు పెచ్చులుగా ఊడదీస్తుంది. ఇప్పుడు రాలుతున్న ఇటుకలకి కూడా గతంలో ఎవరో దర్జుల్లో సిమెంటు కూరి ఉండొచ్చు. తాపీ పనికి ముందు పైకప్పు అంచున నీళ్ళ గాడి, కిందికి దిగే గొట్టాలు చూపించండి. ఆ కాలపు ఇళ్ళకి పైన ఉండే అలంకారపు చూరులోనే గాడి దాచి ఉంటుంది. అది చిల్లుపడితే నీళ్ళన్నీ గోడలోకే. అది సరిచేశాక, సున్నం పని తెలిసిన తాపీమేస్త్రీని పెట్టుకోండి. మామూలు కాంట్రాక్టర్ కన్నా ఎక్కువే అడుగుతాడు. సిమెంటు వేయిస్తే ఇప్పుడు చవక, తర్వాత గోడే మార్చుకోవాల్సి రావచ్చు.

స్కూలు విషయంలో మీవారి మాట తేలిగ్గా తీసుకోకండి. మేసన్ స్కూళ్ళకి పేరుంది, అక్కడ ఇల్లుంటే సీటుకి వెతుక్కోనక్కర్లేదు. సిన్సినాటి నగర స్కూళ్ళలో మంచివి ఉన్నాయి, కానీ మీరు వెంటపడాలి, దరఖాస్తులు పెట్టాలి, లాటరీ తగలాలి. కళలు నేర్పే ఎస్‌సీపీఏ అనే స్కూలు మీ పేటలోనే ఉంది. నగరంలోనే క్లిఫ్టన్ పేట దగ్గర ఫెయిర్‌వ్యూ అనే ప్రభుత్వ స్కూల్లో చిన్న తరగతుల నుంచీ జర్మన్ నేర్పుతారు. పెద్ద తరగతుల్లో వాల్‌నట్ హిల్స్ హైస్కూల్‌కి పరీక్ష రాసి వెళ్ళాలి. ఈ టెన్షన్ మీవారు పడలేనంటే అది న్యాయమైన మాటే. మీరు పడతానంటే ఆ పని మొత్తం మీరే తీసుకోవాల్సి వస్తుంది. దరఖాస్తు గడువులు ఇప్పుడే చూసి, ఇద్దరూ కలిసి రెండు స్కూళ్ళైనా లోపలికి వెళ్ళి చూడండి. అవి చూడకుండా ఆయన వద్దనకూడదు, మీరూ బాగుంటాయనకూడదు.

అత్తమామల రాకని బట్టి ఇల్లు అమ్మకండి. మెట్ల సమస్య నిజమే. కింది గదిలో మంచం వేసి, కిందే స్నానాల గదికి వీలుందేమో చూడండి. లేదంటే ఆ కొన్ని నెలలకి దగ్గర్లో లిఫ్ట్ ఉన్న చిన్న ఫ్లాట్ అద్దెకి తీసుకోవచ్చు, ఇల్లు మారడం కన్నా చవక. కానీ ఒకటి ఆలోచించండి. శివారు పెద్ద ఇంట్లో, కారు నడపడం రాని పెద్దవాళ్ళు పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఏం చేస్తారు? అమ్మానాన్నల్ని తెచ్చుకున్న ఏ ఇంట్లో అడిగినా చెప్తారు, సగం బెంగ అదే. మీ ఇంటి నుంచి మామగారు మెల్లగా పార్కు దాకా వెళ్ళి రావచ్చు. టికెట్ లేని స్ట్రీట్‌కార్ ఎక్కి మార్కెట్‌లో దిగొచ్చు. వాళ్ళు శాకాహారులైతే గెట్టా, అంటే మాంసం, ఓట్స్ కలిపి చేసే ఇక్కడి వంటకం, వేయించే కొట్టు వాసన తగలకుండా కూరల వైపు నుంచి తీసుకెళ్ళండి. క్లాటీ రోడ్డులోని పెద్ద గుడికి మేసన్ నుంచైనా మీ దగ్గర నుంచైనా కారెక్కాల్సిందే. తులసి కుండీలో కూడా పెరుగుతుంది, ఒహాయో చలికాలంలో ఎవరింట్లోనైనా అది కిటికీ పక్కకి చేరాల్సిందే.

అమ్మేస్తే ఏమవుతుంది? అమ్మేటప్పుడు ఒహాయోలో మీకు తెలిసిన లోపాలు ఫారంలో రాసివ్వాలి. చెమ్మ, రాలుతున్న గోడ దాచడానికి లేదు, నగరం నోటీసూ బయటపడుతుంది. ఆ పనులన్నీ ముందు చేయించి అమ్ముతారా, ధర తగ్గించి అమ్ముతారా అన్నదే తేడా. బాగుచేసిన ఇళ్ళకి నగరం కొన్నేళ్ళు ఆస్తిపన్నులో మినహాయింపు ఇస్తుంది. మీ ఇంటికి అది ఉంటే ఏ ఏడాదితో అయిపోతుందో చూసుకోండి, కొనేవాళ్ళు మొదట అడిగేది అదే. మీరు ఉండిపోయినా ఆ ఏడాది పన్ను ఒక్కసారిగా పెరుగుతుంది. మీవారు లెక్కలు వేస్తుంటే ఇది కూడా వెయ్యమనండి.

అద్దెకిచ్చి మేసన్‌లో ఒక ఏడాది అద్దెకుండటం నాకు నచ్చిన దారి. ముఖ్యంగా మీ ఇద్దరిలో ఎవరూ మాట నెగ్గించుకున్నట్టు ఉండదు కాబట్టి. అమ్మే ముందు అయిదేళ్ళలో రెండేళ్ళు సొంతంగా ఉన్న ఇంటి మీద, భార్యాభర్తలకి కలిపి 5 లక్షల డాలర్ల లాభం దాకా ఫెడరల్ పన్ను పడదు. అంటే ఒకటి రెండేళ్ళు బయటుండి చూసినా తొందరగా తేల్చుకుంటే ఆ వెసులుబాటు పోదు. మీ ట్యాక్స్ కన్సల్టెంట్‌తో ఒకసారి సరిచూసుకోండి. ఇందులో చిక్కేమిటంటే, పాత ఇంటికి దూరం నుంచి ఓనర్‌గా ఉండటం కష్టం. మీరు రోజూ ఇరవై మైళ్ళకు పైగా ఆఫీసుకి డ్రైవ్ చెయ్యాలి, మీరు ప్రేమించే గంటలు ఆ కారులో పోతాయి. వారాంతపు టూరిస్టులకి రోజువారీగా మాత్రం ఇవ్వకండి. మీటింగ్‌లో ఆ పెద్దావిడ చెప్పిన కష్టాన్ని ఇంకాస్త పెంచేది అదే. ఒక కుటుంబానికి, మీ ఖర్చులు గడిచే అద్దెకి ఇవ్వండి.

ఉండిపోతే ఊరికే ఉండిపోకండి. ఒక గడువు పెట్టుకోండి, పాప ఒకటో తరగతి దాకానో, రెండేళ్ళో. ఆ గడువులో మేసన్ పేరు మీరు తప్పించకూడదు, ఆయన ప్రతి ఆదివారం ఎత్తకూడదు. ఆయన వారంలో రెండు రోజులైనా ఇంటి బయట, నలుగురు ఉన్న చోట పనిచేసుకోవాలి. పాపని పార్కుకి తీసుకెళ్ళే సాయంత్రాలు కొన్ని ఆయనకి ఇచ్చేయండి. మీకు పరిచయమైన మొహాలు ఆయనకీ పరిచయమవుతాయి. మార్చిలో బాక్‌ఫెస్ట్ అనే బీరు పండగ ఊరేగింపు వస్తుంది, మేక బీరు పీపాని లాక్కుంటూ వెళ్తుంది. మేసన్ స్నేహితుల్ని ఒకసారి మీ ఇంటికే పిలిచి అది చూపించండి. రెండేళ్ళ తర్వాత కూడా ఆయనకి అక్కడ ఊపిరాడకపోతే, అప్పుడు వెళ్ళడం ఓడిపోవడం కాదు. అప్పుడైనా నేరుగా మేసనే అనుకోకుండా క్లిఫ్టన్ లాంటి చోట్లు కూడా చూడండి. చెట్లూ చోటూ ఉంటాయి, మీ ఆఫీసూ దగ్గరే.

ఫ్రిజ్ మీదున్న ఉత్తరానికి మాత్రం ఇవేవీ తేలేదాకా ఆగకండి. దాని మీద గడువు తేదీ ఉంటుంది. నగరంలో చారిత్రక కట్టడాల వ్యవహారం చూసే ఆఫీసుకి ఫోన్ చేసి, తెలియక మార్చామని, ఇప్పుడేం చెయ్యాలని అడగండి. బయటి మార్పులకి ముందే అనుమతి పత్రం తీసుకోవాలన్నది అక్కడి నియమం. జరిగిపోయాక కూడా దరఖాస్తు పెట్టుకోమంటారేమో, పాత కొలతలతో చెక్కవి పెట్టించమంటారేమో కనుక్కోండి. పీకిన పాత కిటికీలు బేస్‌మెంట్‌లో ఉంటే పారేయకండి. సీసం సంగతి తేలేదాకా పాపని అటు పోనివ్వకుండా, ప్లాస్టిక్ షీటు చుట్టి పక్కన పెట్టించండి. వాటినే బాగుచేయించి తిరిగి బిగించడం అన్నిటికన్నా తక్కువలో తేలొచ్చు.